'వినక తప్పదు' అనాలా, 'వినాల్సిందే' అనాలా?

ప్రాంప్టర్:
అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. కాస్త సాయం పట్టండి.

మా ఊరి నాటక సమాజంలో ఈసారి పద్యనాటకం వద్దు, సోఫోక్లీజ్ 'ఈడిపస్ రాజు' వేద్దామన్నారు కుర్రాళ్లు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ నాటకం. తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. నాకు గ్రీకు రాదు. ఇంగ్లిష్ అనువాదాలు ముందేసుకుని, గ్రీకు చదువుకున్న స్నేహితుణ్ణి ఫోన్లో విసిగిస్తూ నెట్టుకొస్తున్నాను. సుమారు 1530 పంక్తుల నాటకం. 1170వ పంక్తి దగ్గర బండి ఆగింది.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. థీబ్స్ నగరానికి తెగులు పట్టింది. పాత రాజు లాయస్‌ను చంపినవాడు ఊళ్లో ఉన్నంతకాలం అది పోదని డెల్ఫీలోని అపోలో దేవుడి గుడి నుంచి దేవవాక్కు. రాజు ఈడిపస్ ఆ హంతకుణ్ణి నిండుసభలో శపించి విచారణ మొదలుపెడతాడు. తీగ లాగితే కదిలిన డొంక అతనిదే: తెలియక తను చంపింది కన్నతండ్రి లాయస్‌నే, పెళ్లాడింది కన్నతల్లి జొకాస్టానే. ఆఖరి సాక్షి ఒక ముసలి గొర్రెల కాపరి. ఈడిపస్ పసిగుడ్డుగా ఉన్నప్పుడు కొండ మీద పారేసి రమ్మని చేతికిస్తే, జాలిపడి ఇంకో కాపరికి ఇచ్చేసింది ఇతనే. నోరు విప్పడు. భటులు చేతులు వెనక్కి విరిచి పట్టుకుంటారు. అప్పుడు:

కాపరి: అయ్యో, నోటితో చెప్పలేని మాట దాకా వచ్చేశాను.
ఈడిపస్: నేనూ చెవితో వినలేని మాట దాకా వచ్చాను. అయినా...

ఆ చుక్కల్లో గ్రీకులో ఉన్నది ఒకటే మాట: అకూస్తెయోన్. 'వినవలసి ఉంది' లాంటిదట. ఎవరు వినాలో, ఎవరు వినమన్నారో ఆ మాటలో ఉండదట. మనకేమో నాలుగున్నాయి. వినక తప్పదు. వినాల్సిందే. విని తీరాలి. ఉత్త 'వినాలి' మరీ చప్పగా ఉందని పక్కన పెట్టాను.

'తప్పదు' అంటే ఎవరో వెనక నుంచి నెట్టినట్టుంది. 'విని తీరాలి' అంటే తనే పంతం పట్టినట్టుంది. ఏది పెట్టాలి?

రిటైర్డ్ మాస్టారు:
నా ఓటు 'వినక తప్పదు'కే. ముందు వ్యాకరణం చూడు నాయనా. మీ స్నేహితుడు చెప్పినట్టు గ్రీకు మాటలో కర్త లేడు. మన 'తప్పదు'లోనూ లేడు. 'నేను వినక తప్పను' అనం, 'నాకు వినక తప్పదు' అంటాం. మనిషిని తీసుకెళ్లి 'నాకు'లో కూర్చోబెట్టాం. క్రియ మాత్రం ఎవరిదీ కాకుండా దాని దారిన అది పోతోంది.

దానికన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. దారి తప్పాడు, గురి తప్పింది, లెక్క తప్పింది, మాట తప్పాడు. ఇవన్నీ ఉండాల్సిన చోటు నుంచి పక్కకు పోవడమే. అదే మాట నామవాచకమైతే తప్పు, అంటే దోషం. అదే మాటకు వ్యతిరేకార్థం తప్పదు, అంటే పక్కకు పోయే వీల్లేదు. ఒకే ధాతువులోంచి అటు నేరమూ ఇటు తలరాతా పుట్టాయి చూశావా! అరిస్టాటిల్ కావ్యశాస్త్రం 13వ అధ్యాయంలో ఈడిపస్ పేరెత్తి వాడిన మాట 'హమార్తియా'. దాని క్రియను పాత గ్రీకు కవి హోమర్ బల్లెం గురి తప్పినప్పుడు వాడతాడు. అచ్చం మన తప్పే. తప్పించుకుందామని బయల్దేరి, దారి తప్పి, తప్పు చేసి, చివరికి తప్పించుకోలేకపోయినవాడి కథ ఇది. ఇంతకన్నా మంచి క్రియ ఎక్కడ దొరుకుతుంది?

డాలస్ బాబాయ్:
మాస్టారూ, మా డిగ్రీ రోజుల్లో హమార్తియా అంటే 'ట్రాజిక్ ఫ్లా', నాయకుడి గుణంలో ఉన్న లోపం, అని నోట్సు. ఈడిపస్‌కి అహంకారం ఎక్కువ, అందుకే పతనమయ్యాడు అని రాస్తే మార్కులే మార్కులు.

రిటైర్డ్ మాస్టారు:
నేనూ అదే రాసి పాసయ్యానులెండి. కానీ అహంకారం వల్ల ఎవడూ తల్లిని పెళ్లాడడు. మూడు దారులు కలిసే చోట బండిలో వస్తున్న ముసలాయన ములుగర్రతో తన నెత్తి మీద కొడితే ఈడిపస్ తిరగబడి ఆయన్నీ వెంట ఉన్నవాళ్లనీ చంపాడు. కోపిష్టి, కాదనను. అంతమందిని చంపడం చిన్న విషయమనీ అనను. కానీ తండ్రని తెలిసి చంపలేదు. గురి తప్పింది గుణంలో కాదు, ఎరుకలో. అదే గ్రీకు మాట కొత్త నిబంధనలోనూ ఉంది, తెలుగు బైబిలు దాన్ని 'పాపము' అంది. అక్కడ అది సరే. ఇక్కడికి 'పాపము' తెస్తే ఇంకో నాటకమైపోతుంది. 'విధి'నీ తేవద్దు. ఆ మాట ఇప్పుడు 'విధులకు హాజరయ్యారు'లో ఇరుక్కుపోయింది.

రేపల్లె పాసింజర్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. 'తప్పదు' అని మనం ఎప్పుడంటాం? 'మేనమామ కూతురి పెళ్లి, వెళ్లక తప్పదు.' 'ఆడిట్ ఉంది, ఆదివారం రాక తప్పదు.' మనసు లేదు, పూచీ నాది కాదు అని చెప్పడానికి అంటాం. తెలుగువాడు నెపం పెట్టుకోవడానికి వాడే క్రియల్లో ఇదే మొదటిది.

ఈడిపస్‌కి ఆ నెపం ఎక్కడుంది? ఆపమని ముగ్గురు బతిమాలారు. గుడ్డి జోస్యుడు టైరీసియస్ వచ్చీ రాగానే 'నన్ను ఇంటికి పోనీ' అన్నాడు. జొకాస్టా 'నీ ప్రాణమంటే నీకు తీపి ఉంటే ఇక వెతక్కు' అంది. ఈ కాపరి కూడా 'ఇంకేమీ అడక్కు దొరా' అన్నాడు, మీరడిగిన పంక్తికి ఐదు పంక్తుల ముందే. దేవవాక్కు ఏం చెప్పింది? తండ్రిని చంపుతావు, తల్లిని పెళ్లాడతావు అంది. ఆ రెండూ నాటకం మొదలయ్యే ముందే అయిపోయాయి. స్టేజీ మీద మనం చూసేది అడగడం ఒక్కటే. అది ఎవడూ రాసిపెట్టలేదు. అందుకే 'విని తీరాలి'.

పదాల పుట్ట:
పాసింజర్ అన్నా, ఎవడూ రాసిపెట్టలేదంటే ఒప్పుకోను. ఈడిపస్ కళ్లు పోగొట్టుకుని కర్ర తడుముకుంటూ పోతాడని టైరీసియస్ మొహం మీదే చెప్పాడు కదా. అంతకు ముందే 'నేను నోరు మూసుకున్నా వచ్చేవి వాటంతట అవే వస్తాయి' అంటాడు. మన 'రానున్నది రాకమానదు' తప్ప ఇంకేం కాదిది. దానికి ఈడిపస్ జవాబు చూడండి: ఎలాగూ వచ్చేదే అయితే నాకు చెప్పడానికేం?

మామూలుగా మనం 'ఎలాగూ వచ్చేదే' అని చేతులు ముడుచుకుంటాం. ఈయన అదే మాట పట్టుకుని చేతులు ముందుకు చాస్తాడు. అందుకే నాదో కొత్త ప్రతిపాదన: 'అయినా వినక మానను.' తప్పదులో కర్త దాక్కున్నాడన్నారు మాస్టారు. మానను అంటే కర్త బయటికొచ్చి నిలబడతాడు. 'కానున్నది కాకమానదు' అని దైవానికి వాడే క్రియనే మనిషి లాక్కుని తనకి తగిలించుకున్నట్టు ఉంటుంది.

ప్రాంప్టర్:
'మానను' చాలా బావుంది తమ్ముడూ. కానీ చదువుతుంటే బావుంది. మా కుర్రాడు పలికితే 'మా నాన్న' అన్నట్టు వినిపించింది. ఈ నాటకంలో, ఆ చోట! రిహార్సల్‌లో అందరూ ఘొల్లున నవ్వారు.

జనగామ పిల్ల:
మా దగ్గర అయితే ఒకటే మాట: 'ఎట్లున్నా ఇనుడే.' పోవుడే, చేసుడే, ఇనుడే. ఇందులోనూ కర్త లేడు మాస్టారూ, మీ గ్రీకు మాట లాగే. మీ స్టేజీ మీద నప్పకపోవచ్చు, చెప్పి ఉంచుతున్నాను.

'తప్పు' మీద ఇంకొకటి. మా ఊళ్లో పెద్దమనుషులు వేసే జరిమానాను కూడా తప్పు అనే అనేవాళ్లు. 'తప్పు కట్టిండు' అంటే జరిమానా కట్టాడని. మా తాత బర్రె ఒక రాత్రి పలుపు తెంపుకొని పక్కవాళ్ల మక్కచేన్లో పడింది. తాత నిద్రలో ఉన్నాడు. కొత్త పలుపే, ముడీ గట్టిదే. తెల్లారి లేచి చూసేసరికి రెండు సాళ్లు నేలమట్టం. ఎవరూ పిలవకముందే తనే పోయి తప్పు కట్టి వచ్చాడు. 'నువ్వేం చేసినవ్ తాతా?' అని అడిగితే, 'నేనేం చెయ్యలె. బర్రె నాది' అనేవాడు. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్లు ఈ నాటకం గురించి పిల్లలకి చెప్పాను. 'బర్రె నాది' అన్న మాట నాకు తట్టలేదు.

పదాల పుట్ట:
అక్కా, మీ తాతగారి మాటకి ఎదురు వాదన కూడా సోఫోక్లీజే రాశాడు. ముసలితనంలో రాసిన 'కొలోనస్‌లో ఈడిపస్' ఆయన పోయాక, క్రీ.పూ. 401లో ఆడారు. అందులో ముసలి ఈడిపస్ గట్టిగా వాదిస్తాడు: అవి నేను చేసినవి కావు, నేను పడ్డవి. తెలియక చేశాను, చట్టం ముందు నేను శుద్ధుణ్ణి. లాయరు పెట్టుకున్నా అంతకన్నా బాగా చెప్పలేడు. ఆ వాదన మొదటి నాటకంలో అతని నోట రాదు. నిజం తెలిసిన మరుక్షణం లోపలికి పరిగెత్తి, ఉరేసుకున్న జొకాస్టా బట్టలకున్న పిన్నులు లాగి కళ్లు పొడుచుకుంటాడు.

ప్రాంప్టర్ గారూ, మీరు ఇక్కడ ఏ క్రియ పెట్టినా అది అక్కడికి అతకాలి. లోపల జరిగింది చెప్పడానికి వచ్చిన సేవకుడు 'ఇవి తెలియక జరిగినవి కావు, తెలిసి చేసుకున్నవి' అంటాడు. 'కోరి తెచ్చుకున్నవే ఎక్కువ బాధిస్తాయి' అని కూడా అంటాడు. తర్వాత నెత్తురోడుతూ వచ్చిన ఈడిపస్‌ని ఏ దేవుడు నీ చేత ఇది చేయించాడని అడుగుతారు. 'అపోలో, మిత్రులారా, అపోలోయే ఈ కష్టాలన్నీ తెచ్చింది. కానీ కొట్టిన చెయ్యి ఇంకెవరిదీ కాదు, నాదే.' అక్కడ గ్రీకులో 'ఔతోఖేర్' అని ఉంది. 'తన చేత్తోనే చేసినవాడు' అని అర్థం. మొదట్లో రాజుగా సభలో నిలబడి 'ఆ హత్య చేసిన చేతిని పట్టుకునే దాకా వదలను' అన్నప్పుడు హంతకుడికి వాడిన మాట కూడా ఇదే.

రేపల్లె పాసింజర్:
చేజేతులా! తెలుగులో పుట్టిన మాటలా ఉంది. రెండు చోట్లా అదే పెట్టొచ్చు కదా?

పదాల పుట్ట:
కళ్ల దగ్గర నప్పుతుంది. హంతకుడి దగ్గర నప్పదు అన్నా. చేజేతులా అంటే మనం మనకే చేసుకునేది, 'చేజేతులా పాడుచేసుకున్నాడు' అంటాం. 'చేజేతులా లాయస్‌ను చంపాడు' అంటే ప్రేక్షకుడికి ముందే అనుమానం వస్తుంది. అయితే అదీ మంచిదేనేమో, ఆలోచించండి. ఏథెన్స్‌లో చూసినవాళ్లకు కథ ముందే తెలుసు.

డాలస్ బాబాయ్:
నాకు హరిశ్చంద్ర గుర్తొస్తున్నాడు. కాటిసీనులో ఆయనా అంతే కదా, 'ఆడిన మాట తప్పను.' ఆయనా చేజేతులా చేసుకున్నవాడే.

రిటైర్డ్ మాస్టారు:
పోలిక కొంత దూరం నడుస్తుంది బాబాయ్ గారూ. హంతకుడు నా ఇంట్లోనే ఉంటే ఈ శాపం నాకే తగలనీ అన్నాడు ఈడిపస్. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. కానీ హరిశ్చంద్రుడి కథలో చివర దేవతలు దిగివచ్చి కొడుకుని బతికిస్తారు. ఇక్కడ ఎవరూ దిగిరారు. మన ప్రేక్షకులు ఆఖరి సీను దాకా ఎదురుచూస్తారేమో, ముందే చెప్పి ఉంచండి.

ప్రాంప్టర్:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ రిహార్సల్‌లో అన్నీ పెట్టి చూశాం. మా ఈడిపస్ పగలు మెడికల్ షాపులో పనిచేసే కుర్రాడు, ఇరవై నాలుగేళ్లు. కాపరి వేసేది వాళ్ల పెదనాన్న, డెబ్బై దాటాయి.

'వినక తప్పదు' అనమన్నాను. అనగానే వాడి భుజాలు రెండూ కిందికి జారాయి. నేనేం చెప్పలేదు, మాటే లాగేసింది. పాసింజర్ గారన్న పెళ్లికి వెళ్లే మొహం పెట్టాడు. 'విని తీరాలి' అనమన్నాను. ఈసారి పిడికిలి బిగించి, గొంతు పెంచి, సినిమాలో పోలీసాఫీసరు అయిపోయాడు. కాపరి మీద కేకలేసినట్టుంది. 'వినాల్సిందే'కి కూడా కొంచెం అదే వాసన. పైగా అది ఎవరో ఎవరికో వేసిన ఆర్డరులా ఉంది.

వాడు విసిగిపోయి, 'బాబాయ్, ఉత్తగా వినాలి అంటే ఏమవుద్ది?' అన్నాడు. నేను చప్పగా ఉందని పక్కన పెట్టేసిన మాట. సరే, అను అన్నాను.

పెదనాన్న చేతులు ఇద్దరు కుర్రాళ్లు వెనక్కి పట్టుకుని ఉన్నారు. ఆయన తన మాట అన్నారు. వీడు కాసేపు ఆగాడు. తర్వాత గొంతు పెంచకుండా, భుజాలు దించకుండా, పెదనాన్న కళ్లలోకి చూస్తూ 'నేనూ వినలేని మాట దాకా వచ్చాను. అయినా వినాలి' అన్నాడు.

ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచించాను. 'మందులు వేళకి వేసుకోవాలి' అన్నప్పుడు '-ఆలి' అవసరం. 'నాకు తెలుసుకోవాలని ఉంది' అన్నప్పుడు అదే '-ఆలి' కోరిక. నెట్టేదీ ఉంది, లాగేదీ ఉంది, ఏది ఎంతో మాట చెప్పదు. గ్రీకు మాటలో కోరిక లేదు, అవసరం ఒక్కటే అని స్నేహితుడు ఫోన్లో కసిరాడు. అది నా లెక్కలో తప్పే, ఒప్పుకుంటున్నాను. అయినా అదే ఉంచుతున్నాను.

రిటైర్డ్ మాస్టారు:
నేనింకా 'తప్పదు' పక్షమే. నాటకానికి మాత్రం వస్తాను.

జనగామ పిల్ల:
ఇంతకీ, ఆ మాట విన్నాక మీ పెదనాన్న ఏం చేశారు?

ప్రాంప్టర్:
తర్వాతి డైలాగు మర్చిపోయారు. నేను అందించాల్సి వచ్చింది.