మేనరికం ఉన్న కుటుంబాలకు లింకేజీ: మెర్లినా, సోలారా, సిమ్‌వాక్2నా?

ప్రశ్న
విశాఖపట్నం చుట్టుపక్కల కుటుంబాల్లో టైప్ 2 మధుమేహానికి లింకేజీ (జబ్బుతో కలిసి వారసత్వంగా వచ్చే జన్యు ప్రాంతం ఏదో వెతకడం) చూస్తున్నాం. చాలాచోట్ల తల్లిదండ్రులు లేరు, జబ్బున్న తోబుట్టువుల డీఎన్‌ఏ మాత్రమే ఉంది. ఒక కుటుంబం పెద్దది: 30 మంది, మేనమామ–మేనకోడలు పెళ్లిళ్లు రెండు. డేటా స్నిప్ అరేది (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడాలను, అంటే స్నిప్‌లను, చదివే చిప్). లింకేజీ లెక్కించే ప్రోగ్రాం మెర్లిన్ ఆ కుటుంబాన్ని వదిలేసింది, మిగతావాటికి లాడ్ స్కోరు (లింకేజీ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) 4 దాటింది. సోలార్ అనే మరో ప్రోగ్రాంకి మారాలా?

జవాబు 1
ముందు బిట్లు (కుటుంబం లెక్కకు ఎంత బరువో చెప్పే కొలత) లెక్కేయండి: ఫౌండర్లు (వంశవృక్షంలో తల్లిదండ్రులు లేనివాళ్లు) కానివాళ్ల సంఖ్యను రెట్టించి ఫౌండర్లను తీసేయాలి. ఫౌండర్లు 8 మందైతే 44 − 8 = 36. మెర్లిన్ డిఫాల్ట్ హద్దు 24. ఒక్కో బిట్‌కీ పని దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి హద్దు పెంచినా మెమరీ చాలదు. మేనరికంలో పెళ్లికూతురు ఇంటిపిల్లే, కొత్త ఫౌండర్ చేరదు, అందుకే బిట్లు ఇంకా పెరుగుతాయి. అలాగని ఆ బంధుత్వాన్ని తెంచి కుటుంబాన్ని ముక్కలు చేయొద్దండీ. దంపతుల చుట్టరికం దాచితే వాళ్ల పిల్లల మధ్య పోలిక లింకేజీలా కనబడి దొంగ శిఖరాలు లేస్తాయి. ఆ కుటుంబానికి యాదృచ్ఛిక నమూనాలతో అంచనా కట్టే సిమ్‌వాక్2 ప్రోగ్రాం వాడండి, అదీ అనుమానమున్న ప్రాంతంలో పల్చటి మార్కర్లతోనే (దూరదూరంగా ఎంచిన స్నిప్‌లు). వేర్వేరు సీడ్లతో (యాదృచ్ఛిక అంకెలకు మొదలుపెట్టే సంఖ్య) నడిపి ఫలితాలు కలుస్తున్నాయో లేదో చూడాలి.

జవాబు 2
నన్నడిగితే ఆ 4ని ఇప్పుడే నమ్మకండి. దగ్గరి స్నిప్‌లు కలిసి నడుస్తాయి. తల్లిదండ్రుల జీనోటైప్ లేనప్పుడు మెర్లిన్ ఆ పోలికను వారసత్వంగా లెక్కగట్టి స్కోరు పెంచేస్తుంది. ఆర్-స్క్వేర్ (రెండు స్నిప్‌లు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కొలత) 0.1 దగ్గర, జీనోటైప్ డేటా ప్రోగ్రాం ప్లింక్‌తో పల్చన చేయండి. ఇక్కడో చిక్కుంది: ప్లింక్ ఈ లెక్కకు ఫౌండర్లనే చూస్తుంది, మీకు జీనోటైప్ ఉన్న ఫౌండర్లే తక్కువ. కుటుంబానికి ఒకరిని ఎంచుకుని, వాళ్లను ఫౌండర్లుగా లెక్కించేలా తల్లిదండ్రుల ఐడీలు 0 చేసి, ఆ ఫైల్‌పై నడపండి. తర్వాత మెర్లిన్ ఎర్రర్ ఆప్షన్‌తో తప్పు జీనోటైప్‌లు పట్టి, పెడ్‌వైప్‌తో వాటిని తీసేయండి. చివర్లో సిమ్యులేట్ ఆప్షన్‌తో లింకేజీ లేని నకలు డేటాలు కనీసం 1000 చేసి, వాటిలో ఎన్ని మీ స్కోరు దాటాయో చూడండి.

ప్రశ్న అడిగినవారు
పల్చన చేస్తే స్కోర్లన్నీ మారాయండీ, కానీ క్రోమోజోమ్ అంతటా ఒకటే విలువ వస్తోంది.

జవాబు 2
ప్లింక్ బిమ్ ఫైల్ (మార్కర్ల జాబితా) మూడో కాలమ్ చూడండి, అందులో జన్యు దూరం ఉంటుంది. అన్నీ 0 అయితే మార్కర్లన్నీ ఒకే చోట ఉన్నట్టు. జెనెటిక్ మ్యాప్ నుంచి సెంటీమోర్గాన్లు (జన్యు దూరం కొలత) నింపండి.

జవాబు 3
సోలార్ కావాలంటే జబ్బుంది/లేదు కాకుండా ఫాస్టింగ్ గ్లూకోజ్‌లాంటి కొలత పెట్టుకోండి. మందులు వాడేవాళ్ల విలువల్ని అలాగే వేయకూడదు. పంపిణీ ఒక పక్కకు లాగితే ఇన్‌వర్స్ నార్మల్ మార్పు (విలువల్ని గంట ఆకారపు పంపిణీకి మార్చడం) చేశాకే నడపండి. ఇంకా జబ్బు రాని చిన్న వయసువాళ్లకు మెర్లిన్‌లో 1 (జబ్బు లేదు) కాదు, 0 (తెలియదు) ఇవ్వండి.