సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంచుకుంటే విశ్వాసం వదులుకున్నట్టేనా?

తీరంగాలి
మా తమ్ముడు గ్రూప్-2కి చదువుతున్నాడు. మా అమ్మమ్మ కాలం నుంచీ మేం ప్రభువును నమ్ముకున్నవాళ్లం. కాగితాల్లో మాత్రం ఎస్సీ, హిందూ. మొన్న ఆదివారం పాస్టరుగారు, సర్టిఫికెట్ కోసం ప్రభువును ఎరగనన్నవాణ్ణి ఆయన కూడా ఎరగనంటాడని ప్రసంగించారు. అప్పట్నించీ వీడు సరిగా తినట్లేదు. క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది కదా, బాప్తిస్మం తీసుకుంటే ఎవరైనా ఎమ్మార్వోకు ఫిర్యాదు పెడతారని టెన్షన్. తీసుకోకపోతే చర్చిలో ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడంలో, చెయ్యి వెయ్యలేడు. మీరేమంటారు?

రాతిపునాది
తప్పే. బైబిల్లో దానియేలు స్నేహితులు ముగ్గురూ రాజు నిలబెట్టిన ప్రతిమకు ఒక్కసారి వంగి లేస్తే సరిపోయేది, మనసులో దేవుణ్ణే తలుచుకుంటూ వంగొచ్చు కూడా. వంగలేదు, అగ్నిగుండంలో వేసినా సరే అన్నారు. పైగా 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది: బాప్తిస్మం తీసుకుని, చర్చికి వెళ్తూ, రిజర్వేషన్ కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమేనని. కోర్టు అబద్ధమన్నదాన్ని సంఘం చూసీచూడనట్టు వదిలెయ్యాలా?

నాలుగోవీధి
అన్నా, మీరు ఓసీ అయ్యుంటారు. గుంటూరు వైపు రెడ్డి, కమ్మ క్యాథలిక్కులు ఉన్నారు. చర్చికి వెళ్లినందుకు వాళ్లకు పోయిన రిజర్వేషనేమీ లేదు. అరకులో ఎస్టీ విశ్వాసికీ పోదు, ఎస్టీ హోదాకు మతంతో పనిలేదు. హిందువులకే ఎస్సీ హోదా అని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మా మాల మాదిగలకే మెలిక పెట్టింది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని బయటే ఉంచారు. ఆ అగ్నిగుండంలో ముగ్గుర్నీ కలిపి వేశారు. ఇక్కడ ఒక్క పేటవాళ్లనే వేస్తున్నారు, మిగతావాళ్లు గట్టున నిలబడి పాటలు పాడుతున్నారు.

రాతిపునాది
ఓసీ కాదు తమ్ముడూ, మాదీ పేటే. నేను బీసీ-సీ రాయించుకున్నాను, అంటే క్రైస్తవులైన ఎస్సీలకిచ్చే బీసీ కోటా. ఆ రోజు గుమస్తా ఫారం అటూ ఇటూ తిప్పి, “ఉన్నది ఒక్క శాతం, ఇదెందుకయ్యా నీకు?” అని మళ్లీ నా చేతికే ఇచ్చాడు. సంతకం పెట్టి తిరిగిచ్చాను. గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ చూసుకుంటున్నాను. గట్టున నిలబడి చెప్పట్లేదు.

మిషన్ కాంపౌండ్
మాది ఒంగోలు, కాబట్టి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి చెప్పక తప్పదు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చూశాడు. బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. రాతిపునాది గారికి ఇందులో లాభం ఆశించని విశ్వాసం కనిపిస్తుంది, కాదనను. నాకు కనిపించేది వేరు. ఆయన ముందు కూలి ఇప్పించాడు, ఆ తర్వాతే నీళ్లలో దించాడు. ఇప్పటి ప్రసంగాలు ముందు కూలి పోగొట్టుకు రమ్మంటున్నాయి.

పాస్టరమ్మ
బైబిల్లో సిరియా సేనాధిపతి నయమాను, దేవుణ్ణి నమ్మాక, ప్రవక్త ఎలీషాతో ఏమన్నాడు? మా రాజు తన దేవుడు రిమ్మోను గుడిలో నా చేతిమీద ఆనుకుని మొక్కుతాడు, నేనూ వంగాల్సొస్తుంది, దేవుడు క్షమించాలి అన్నాడు. ప్రవక్త కేకలెయ్యలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు. మా ఆయనతో ఇదే వాదిస్తాను. ఆ పిల్లాడి కోచింగ్ ఫీజు సంఘం కట్టిందా? కట్టనప్పుడు పుల్పిట్ మీంచి అంత గట్టిగా అనే హక్కు మనకెక్కడిది?

రాతిపునాది
వందనాలమ్మా. ఫీజు మాట నిజమే, అది సంఘానికి సిగ్గుచేటు. కానీ నయమాను ఆ రోజే నమ్మినవాడు. మూడు తరాలు నమ్మినవాళ్లం ఆయన చాటున దాక్కోకూడదు.

నాలుగోవీధి
తరాలు లెక్కపెడుతూ కూర్చుంటే వయసు దాటిపోతుంది. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలా అని చూడ్డానికి కేంద్రం 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసింది, దళిత క్రైస్తవులకు ఇవ్వాలని మన ఆంధ్ర అసెంబ్లీ 2023లో తీర్మానం చేసింది. ఉద్యోగాల నోటిఫికేషన్ వాటికోసం ఆగదు.

తీరంగాలి
అన్నీ చదివి వినిపించాను. వాడింకా ఏమీ తేల్చుకోలేదు. రాతిపునాది అన్నా, బీసీ-సీకి ఏమేం కాగితాలు అడిగారు? బాప్తిస్మం సర్టిఫికెట్ తప్పనిసరా?

నాలుగోవీధి
తొందరపడి ఏదీ దాఖలు చెయ్యనివ్వకండి. ఒకసారి మారితే వెనక్కి రావడం కష్టం. ముందు ఎవరైనా వకీలును కలవండి.