గవర్నర్ వైరు పీకేయమంటున్న డ్రైవరు: పీకాలా, సెట్ చేయించాలా?

గుంటూరు 12 టైర్లు:
బండి 2016 మోడల్, 12 టైర్లు, మెకానికల్ పంపు. స్పీడు హద్దు దాటకుండా ఆపే స్పీడ్ గవర్నర్ బయట బిగించి ఉంది, డీజిల్ లైనులో సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) పెట్టే రకం. మీటరు 80 చూపించగానే కట్ అవుతోంది, ఫోన్ జీపీఎస్‌లో అప్పుడు 72. ఎత్తు ఎక్కేటప్పుడు 40లో కూడా లాగట్లేదు. వినుకొండ, మార్కాపురం వైపు సింగిల్ రోడ్డులో ఓవర్‌టేక్ మధ్యలో బండి చచ్చిపోతోందని డ్రైవరు గొడవ. వైరు పీకేసి, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజుకి మళ్లీ కలిపితే సరిపోతుందంటున్నాడు. ఏం చేయమంటారు?

ఆటోనగర్ వైరింగ్:
మీరు రెండు రోగాలకి ఒకే పేరు పెడుతున్నారు సార్. 40లో లాగకపోవడానికీ, గవర్నర్ కట్‌కీ సంబంధం లేదు. 80 దాకా అది డీజిల్ ఆపకూడదు. అయితే ఆ సోలినాయిడ్ లోపల చెత్త పట్టి సగం మూసుకుపోయుంటే ఏ స్పీడులోనైనా డీజిల్ తక్కువే వెళ్తుంది. ముందు రెండు డీజిల్ ఫిల్టర్లూ మార్చండి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) జాలీ కడగండి. తర్వాత సోలినాయిడ్ నుంచి డీజిల్ బయటికొచ్చే చోట కాసేపు లోపల కనబడే తెల్ల ట్యూబు పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

ఇక్కడే చాలామంది తప్పుతారు. సోలినాయిడ్ ఫీడ్ పంపుకి ముందు ఉంటే అది పీల్చే లైను. పైపుని బిగించే బ్యాంజో బోల్టు వాషరు వదులైతే డీజిల్ కారదు, గాలి లాక్కుంటుంది. పంపు తర్వాత ఉంటే కారుతుంది, కంటికే కనబడుతుంది. కాపర్ వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాతవే తిప్పి వేసి తర్వాత గవర్నర్‌ని తిడితే లాభం లేదు.

72 సంగతి. ఫోన్‌ని కూడా పూర్తిగా నమ్మకండి. హైవే మీద కిలోమీటరు రాళ్ల మధ్య మీటరు ముల్లు 80 దగ్గర నిలిపి టైము చూడండి. నిజంగా 80 అయితే ఐదు కిలోమీటర్లకి 3 నిమిషాల 45 సెకన్లు. 72 అయితే 4 నిమిషాల 10 సెకన్లు. టైరు అరగడం వల్ల ఇంత తేడా రాదు: పట్టీ (రోడ్డుకి తగిలే రబ్బరు) 16 ఎంఎం నుంచి 4కి వచ్చినా, చుట్టూరా లెక్కేస్తే 80కి రెండు కిలోమీటర్లే. ఎనిమిది తేడా అంటే పల్స్ (సెన్సర్ పంపే స్పీడు సిగ్నల్) సెట్టింగ్ తప్పయ్యుండొచ్చు. గేర్‌బాక్స్ సెన్సర్ నుంచి వచ్చే పల్సుల్ని మీటరు తప్పుగా లెక్కేస్తుండొచ్చు, గవర్నర్ బాక్సుని కూడా ఆ మీటరు చూసే సెట్ చేసుంటారు. బిగించిన కంపెనీ డీలరు చేత రీకాలిబ్రేట్ (కొలత మళ్లీ సెట్) చేయించి, సీలు వేయించి, కొత్త సర్టిఫికెట్ తీసుకోండి.

హెవీ లైసెన్సు:
మెకానిక్ గారి లెక్క బాగుంది కానీ డ్రైవరు బాధ కూడా వినాలి. ముందు లారీ 70లో పోతోంది, మనది సరిగ్గా సెట్ చేయించినా 80కి కట్. తేడా గంటకి పది, అంటే సెకనుకి మూడు మీటర్లు కూడా లేదు. రెండు బండ్ల పొడవు, ముందూ వెనకా వదిలే జాగా కలిపి 75 మీటర్లు దాటాలంటే 27 సెకన్లు. ఆ లోపు మనం 600 మీటర్లు పోతాం, ఎదురొచ్చేవాడూ అంతే వస్తాడు. 1200 మీటర్లు ఖాళీ కనబడే సింగిల్ రోడ్డు ఎక్కడుంది? గవర్నర్ ఉన్న బండితో 60 మీద పోయేదాన్ని సింగిల్ రోడ్డులో దాటకూడదు, అంతే. 45లో పోయే ట్రాక్టరునైతే దాటొచ్చు. ఈ లెక్క కొత్త డ్రైవరుకి చెప్పేవాడే లేడు.

నాలుగు లైన్లలో మాత్రం 80 చాలు. 200 కిలోమీటర్లు ఆగకుండా 90లో పోయినా మిగిలేది 17 నిమిషాలు. సీజన్లో మిర్చి యార్డు ముందు క్యూలో అంతకి పదింతలు పోతుంది. ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చే ఓనరు టైము తొందర పెట్టకపోతే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఫైలు పట్టుకు తిరిగేవాడు:
రూలు వైపు నుంచి. 2015 అక్టోబర్ 1 తర్వాత తయారైన రవాణా బండ్లకి 80 గవర్నర్ తప్పనిసరి. ట్యాంకర్లు, డంపర్లు, స్కూలు బస్సులకి 60. ఇంకోటి అందరూ మరిచేది: 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం గూడ్సు బండికి నాలుగు లైన్ల రోడ్డు మీద 80, మామూలు రోడ్డు మీద 60. అంటే వినుకొండ రోడ్డులో ఓవర్‌టేక్‌కి 80 చాలట్లేదనే వాదన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు చెల్లదు. హెవీ బండి ఓవర్‌స్పీడుకి జరిమానా 2000 నుంచి 4000.

గుంటూరు 12 టైర్లు:
అర్థమైంది. మరి దోర్నాల ఘాట్ దిగేటప్పుడు 80 దాటనివ్వదుగా, ఆ ధైర్యం ఉన్నట్టేనా?

ఆటోనగర్ వైరింగ్:
లేదు సార్! గవర్నర్ డీజిల్ ఆపుతుంది, బ్రేకు వేయదు. దిగుడులో లోడే బండిని తోస్తుంది. ఎక్కిన గేరులోనే దింపమనండి, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజిన్‌తో బండిని పట్టేది) వాడమనండి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ పట్టు పోతుంది, ఐడిల్‌లో కంప్రెసర్ మెల్లగా తిరిగి బ్రేకుల గాలి కూడా నిదానంగా నిండుతుంది. ముందు ఆ ఫిల్టర్లు మార్చి, బుడగల సంగతి ఇక్కడ రాయండి.