బ్యాటరీ డెడ్, గేర్ 'పి'ల ఇరుక్కుంది: లాక్ మనమే తీయొచ్చా?

జడ్చర్ల_44: ఆటోమేటిక్ బండి. బ్యాటరీ పూర్తిగ పడిపోయింది, గేర్ లివర్ పి (పార్కింగ్) లకెల్లి కదుల్తలేదు. సెల్లార్ల మూలకుంది, ఇంకో బండి పక్కకు రాదు. నెట్టి బయటికి తియ్యాలె. ఎట్ల?

పాలమూరు_గేర్‌బాక్స్: ముందు హ్యాండ్‌బ్రేక్ గట్టిగ గుంజు, చక్రాల కింద రెండు దిక్కుల రాళ్లు పెట్టు. తాళంచెవి ఉన్న బండైతే ఆన్ దాకా తిప్పు, స్టీరింగ్ లాక్ పోతది. లివర్ పక్కన చిన్న మూత ఉంటది, కొన్నిట్ల 'షిఫ్ట్ లాక్' అని రాసుంటది. స్క్రూడ్రైవర్ కొనకు గుడ్డ చుట్టి లేపు, లేకుంటె ప్లాస్టిక్ మీద గీతలు పడ్తయ్. బ్రేక్ తొక్కి, ఆ సందుల సన్న స్క్రూడ్రైవర్ ఒత్తిపట్టి, లివర్ బటన్ నొక్కి ఎన్ (న్యూట్రల్) లకు జరుపు. మామూలుగ బ్రేక్ తొక్కంగనే లాక్ లేపే కరెంటు అయస్కాంతం, అంటే సోలెనాయిడ్‌కు 12 వోల్టులు పోయి లాక్ లేస్తది. కరెంటు లేదు గాబట్టి చేత్తో లేపుడు, అంతే.

నల్లగొండ_డీజిల్: ఆ మూత అన్ని బండ్లల్ల ఉండదు. తప్పుడు సలహా.

హాలియా_రోడ్: నెట్టి స్టార్ట్ చేస్తె అయిపాయె గదా!

పాలమూరు_గేర్‌బాక్స్: ఆటోమేటిక్ నెడితే స్టార్ట్ కాదు భై, గేర్‌బాక్స్ ఆయిల్ పంపు ఇంజన్‌తోనే తిరుగుతది. డీజిల్ అన్నా, అన్నిట్ల ఉంటదని నేనెక్కడన్న? కొన్నిట్ల లివర్ చుట్టున్న తోలు సంచి లేపితే లోపల చిన్న పలక కనబడ్తది. బండితోటి వచ్చిన పుస్తకం చూడాలె.

నల్లగొండ_డీజిల్: కన్సోల్ మొత్తం విప్పిచ్చిన, ఏం లేదు. మెకానిక్ క్లిప్పులు విరగ్గొట్టి పైసలు గూడ తీస్కున్నడు. మీలాంటోళ్ల మాటలతోనే గిట్లయితది.

పాలమూరు_గేర్‌బాక్స్: మీ లివర్ మీద పి ఉందా అసలు?

నల్లగొండ_డీజిల్: ఆర్, ఎన్, డి, ఎం ఉన్నయ్. ఆటోమేటిక్ కాదా ఏంది?

పాలమూరు_గేర్‌బాక్స్: అది ఏఎంటీ! మాన్యువల్ గేర్‌బాక్స్‌కే మోటార్లు పెట్టిండ్రు. పి లేదు, షిఫ్ట్ లాక్ మూత ఎక్కడిది? గేర్ల పెట్టి ఆపిన బండికి కరెంటు లేకపోతే, లివర్ ఎన్ ల పెట్టినా లోపల గేర్ తియ్యదు. బ్యాటరీకి కరెంటు అందించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బ్రేక్ తొక్కి ఎన్ లకు తేవాలె.

నల్లగొండ_డీజిల్: సరే, నాది వేరే రకం. మూత సంగతి ఇడ్శిపెట్టు, నా బాధ గది కాదు. మనోళ్లు హ్యాండ్‌బ్రేక్ గుంజనే గుంజరు, పి మీదనే బండి నిలబెడ్తరు. లివర్ ఎన్ కు రాంగనే గేర్‌బాక్స్ల పట్టిన కొక్కెం ఊడ్తది. సెల్లార్ ర్యాంప్ మీద నెట్టేటోళ్ల మీదికే వస్తది బండి. ఇంజన్ బంద్ ఉంటె రెండు మూడు సార్లు తొక్కంగనే పెడల్ రాయి లెక్క అయితది. ఇది మొదలు చెప్పాలె.

పాలమూరు_గేర్‌బాక్స్: రాళ్లు పెట్టుమని మొదటి మాటే చెప్పిన. పెడల్ గట్టిపడే సంగతి నిజం, నేను రాయలే. నెట్టేటప్పుడు సీట్ల ఒక మనిషి ఉండాలె, బ్రేక్ పూర్తి బలంతోటి తొక్కాలె. ర్యాంప్ మీద మాత్రం నెట్టుడే వద్దు.

జడ్చర్ల_44: మూత దొరికింది అన్నా. కానీ నా బండికి హ్యాండ్‌బ్రేక్ లివర్ లేదు, బటన్ ఉంది. వేసే ఉన్నది.

పాలమూరు_గేర్‌బాక్స్: అయితే గేర్ ఎన్ కు వచ్చినా ఎనక చక్రాలు తిరగయ్. ఆ బ్రేక్ ఇడువాలంటే కరెంటే కావాలె. లివర్ ముట్టకు. జేబుల పట్టే జంప్ స్టార్టర్ ప్యాక్ (బండికి కరెంటు అందించే చిన్న బ్యాటరీ) తెప్పియ్యి, పక్కన బండి అక్కర్లేదు. ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్లది పెయింట్ లేని ఇంజన్ ఇనుముకు. బానెట్ వైరు గుంజితే తెరుచుకుంటది, దానికి కరెంటు అక్కర్లేదు.

నల్లగొండ_డీజిల్: గిప్పుడు చెప్పినవ్ మంచి మాట.