సెప్సిస్ లక్షణాలు ఊళ్లో గోడ మీద రాయించాలా, వద్దా?

గోదారిగట్టు:
సెప్టెంబర్ 13 ప్రపంచ సెప్సిస్ దినం. ఆ రోజుకి పంచాయతీ ఆఫీసు గోడ మీద లక్షణాలు, కింద "ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది" అని రాయిస్తానంటే పెద్దలు జనాన్ని భయపెట్టొద్దంటున్నారు. మా అమ్మకు షుగర్. కాలి బొటనవేలికి పుండు, చలిజ్వరం. ఆర్‌ఎంపీ రెండు రోజులు ఇంజెక్షన్ వేశాడు. మూడో రోజు మాట తడబడింది, ఆయాసం, పొద్దుటి నుంచి మూత్రం లేదు, అయినా నీరసమే అన్నాడు. పెద్దాసుపత్రికి చేరేసరికి బీపీ అందలేదు. సెప్సిస్ అనే మాట నేను అమ్మ పోయాక కాగితం మీద చదివాను.

మెట్టపొలం:
మా నాన్నను 11 రోజులు ఐసీయూలో ఉంచారు, రోజూ సెప్సిస్ అనే చెప్పి కట్టమన్నారు, అరెకరం అమ్మాం, మనిషి దక్కలేదు. గోడ మీద రాస్తే ఇక ప్రతి జ్వరానికీ ఐసీయూనే.

వార్డునర్సు:
ప్రతి జ్వరం కాదన్నా. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీస్తే అది సెప్సిస్. 2017లో ప్రపంచంలో 1.1 కోట్ల మంది దీనితో చనిపోయారని అంచనా. షాక్‌లోకి వెళ్తే, అంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతే, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి.

మెట్టపొలం:
గంటలోపా? మా ఊరికి 108 వచ్చి ఆస్పత్రికి చేర్చేసరికే రెండు గంటలు. కుదరని మాట రాయడం దేనికి?

వార్డునర్సు:
ఆ గంట ఆస్పత్రివాళ్లు గుర్తించిన దగ్గర్నుంచి. ఇంట్లోవాళ్లు చేయాల్సింది బయల్దేరడం.

మెట్టపొలం:
గంటలో కుదరదనే అంటున్నా.

చింతచెట్టు:
మా పిన్నికి పురుడయ్యాక వచ్చింది, బతికింది. ఏడాది దాకా జుట్టు రాలడం, మతిమరుపు, మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో బద్ధకం అన్నారు. అదీ రాయించండి.

గోదారిగట్టు:
మెట్టపొలం గారూ, మీకు డబ్బు బాధ, నాకు అమ్మ లేదు. రెండూ ఒకటి కావు.

మెట్టపొలం:
నాకు నాన్న ఉన్నాడా అమ్మా? ఆ రాత్రి ఆయన ఎవర్నీ గుర్తుపట్టలేదు. తీసుకెళ్దామా అని అమ్మ రెండుసార్లు అడిగింది. తెల్లారాక చూద్దామన్నాను. కారు మా అన్న ఇంటి ముందే ఉంది. మా ఊళ్లోనూ మీరు రాయించే వాక్యమే రాస్తే, పాలకేంద్రానికి వెళ్లేటప్పుడు మా అమ్మ రోజూ చదువుతుంది. చదివి ఇంటికొచ్చి నా ముఖం చూస్తుంది.

చింతచెట్టు:
అన్నా, బాధపడకు.

గోదారిగట్టు:
క్షమించండి, తప్పుగా మాట్లాడాను. ఆ వాక్యం తీసేస్తాను. లక్షణాలు మాత్రం తీయను, మాట తడబడడం, ఆయాసం, మూత్రం ఆగడం, ఒంటి రంగు మారడం, నాలుగూ ఉండాల్సిందే.

వార్డునర్సు:
జ్వరం లేకుండా ఒళ్లు చల్లబడినా రావచ్చు, ముఖ్యంగా ముసలివాళ్లకు. దాన్నీ చేర్చు. "ఇది సెప్సిస్ అయ్యుంటుందా అని డాక్టర్‌ని అడగండి" అని రాస్తే చాలు.

మెట్టపొలం:
రాత్రయినా సరే అడగమని రాయండి. 108 అంకె పెద్దగా ఉండాలి. గంట మాట మాత్రం వద్దు.