ట్యాంకు ఒకటే, పంచాయతీలు రెండు: నీళ్ల వంతు ఎవరితో రాయించుకోవాలి?

మాది దేవరకొండ వైపు ఒక లంబాడీ తండా. 2018లో విడి గ్రామపంచాయతీ అయింది కానీ మిషన్ భగీరథ ట్యాంకు, వాల్వు పాత ఊళ్లోనే ఉండిపోయాయి. ఊళ్లో రోజూ పొద్దున 6 నుంచి 8 దాకా నీళ్లు వదులుతారు. మాకు మూడు రోజులకోసారి, అదీ 20 నిమిషాలే. ఎత్తు మీదున్న చివరి 14 ఇళ్లకు ఆ కాస్త కూడా ఎక్కదు.

వాల్వు తిప్పేటాయన "మీ పంచాయతీ వేరు కదా" అంటాడు. మా కార్యదర్శేమో ట్యాంకు మన పరిధి కాదంటాడు. ప్రజావాణిలో రెండు సోమవారాలు అర్జీ ఇచ్చాం, రసీదులున్నాయి. ఆర్టీఐ వేసి 41 రోజులైంది; 30 రోజుల గడువు దాటినా జవాబు లేదు. ఊరోళ్లతో గొడవ మాత్రం వద్దు, రేపు మళ్లీ ముఖాలు చూసుకోవాలి.

రెండు పంచాయతీల మధ్య నీళ్ల టైములు కాగితం మీద ఖరారు చేయించాలంటే ఎంపీడీఓకు రాయాలా, భగీరథ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాయాలా?