పిల్లికి ఉన్నట్టుండి వాంతులు, విరేచనాలు. ఏం చేయాలి? (డాలస్ దగ్గరి ఇర్వింగ్ నుంచి; రాసినవాళ్ల పేర్లకు బదులు వాళ్ల ఊళ్లు)

ఇర్వింగ్, కొత్తగా వచ్చాం:
అందరికీ నమస్కారం. డాలస్ వచ్చి మూడు నెలలైంది. పోయిన నెల షెల్టర్ నుంచి ఏడాది వయసున్న పిల్లిని తెచ్చుకున్నాం. నిన్న రాత్రి నుంచి మూడుసార్లు కక్కింది, పొద్దున రెండుసార్లు నీళ్ల విరేచనాలు. సోఫా కింద దూరి బయటికి రావట్లేదు. మావారు ఆఫీసులో ఉన్నారు, నాకింకా డ్రైవింగ్ రాదు. పాలు పోస్తే ముట్టుకోలేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న మందులున్నాయి, ఏమైనా ఇవ్వొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

ప్లానో:
మందులు వద్దమ్మా, ఒక్కటి కూడా వద్దు. డోలో, క్రోసిన్ పిల్లులకు విషం. పారాసిటమాల్‌ను వాటి లివర్ తట్టుకోలేదు, ఒక్క బిళ్లతో ప్రాణం పోవచ్చు. ఇక్కడి టైలెనాల్ కూడా అదే మందు. గులాబీరంగు పెప్టో బిస్మాల్ కూడా పొయ్యొద్దు, దాంట్లో ఆస్పిరిన్ జాతి మందు ఉంటుంది. ఆ పాలు తీసేయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, మోషన్స్ ఇంకా ఎక్కువవుతాయి. మంచినీళ్లు పెట్టు.

ఇంట్లో లిల్లీ పూలున్నాయా? ఎవరైనా బొకే తెచ్చారా? ఆ ఆకు కొరికినా, ఒంటికంటిన పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. అనుమానం ఉంటే వెంటనే ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్‌కి (జంతువులు విషం తింటే సలహా చెప్పే నంబరు) ఫోన్ చెయ్యి, 888-426-4435. రాత్రీ పగలూ ఎత్తుతారు, ఫీజు పడొచ్చు.

ఫ్రిస్కో:
చెల్లీ, ముందు దాని నోరు తెరిచి నాలుక కింద చూడు. ఎందుకంటున్నానో చెప్తాను. శ్రావణ శుక్రవారం అమ్మవారికి మల్లెపూల మాల వేశాం. మర్నాడు పూలు వాడితే తీసి పళ్లెంలో పెట్టాను. సాయంత్రానికి పిల్లికి వాంతులు. మేత పడలేదనుకుని ఒకటిన్నర రోజు ఆగాం. డాక్టరు నోరు తెరిచి, గొంతు కింద బొటనవేలితో పైకి నొక్కితే నాలుక లేచింది. నాలుక మొదలు చుట్టూ తెల్లటి దారం చుట్టుకుని ఉంది. మిగతాదంతా పేగుల్లో. లంగా బొందు లాగితే గుడ్డ ముడుచుకున్నట్టు పేగు ముడుచుకుపోయిందన్నారు. అదే రాత్రి ఆపరేషన్. దారం కొస నోట్లో కనపడినా, వెనక వేలాడినా లాగొద్దు, లోపల పేగు కోసుకుపోతుంది. పూలదారం, రాఖీ, కుట్టుదారం ఏదైనా అంతే.

ఎమర్జెన్సీ ఆస్పత్రుల్లో అంచనా చేతికిచ్చి అడ్వాన్స్ కట్టమంటారు, కార్డు దగ్గర పెట్టుకోండి. ఇన్సూరెన్స్ అంటారా, ముందే ఉన్న జబ్బుకు ఇవ్వరు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి.

కొపెల్:
డాక్టరు సంగతి వాళ్లు చెప్పారు, నేను కార్పెట్ గురించి చెప్తాను. మా పిల్లికి ఇలాగే జరిగితే బెడ్రూమ్‌లో రెండు మరకలు పడ్డాయి. ఇల్లు ఖాళీ చేశాక గది మొత్తం కార్పెట్ మార్చామని డిపాజిట్ అంతా ఉంచేసుకున్నారు. ఆ కార్పెట్ మేం చేరేనాటికే అరిగిపోయి, తలుపు దగ్గర దారాలు లేచి ఉంది. కానీ నా దగ్గర ఒక్క ఫోటో లేదు. ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను, ప్రతిసారీ మేనేజరు లేరన్నారు. టెక్సస్ చట్టం ప్రకారం ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ ఇవ్వాలి, కోస్తే దేనికెంతో రాసివ్వాలి. మన కొత్త అడ్రసు మాత్రం రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. అదంతా ఉత్తరంలో రాసి పంపాకే సగం వెనక్కొచ్చింది. కాబట్టి అమ్మా, ముందు ఫోటో తీసి, తర్వాత తుడువు. మరకా వాసనా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడు. పిల్లి పేరు లీజులో ఎక్కించారా? రేబిస్ టీకా కాగితం కూడా అడుగుతారు, ఇక్కడ పిల్లికి 16 వారాల వయసొచ్చేసరికి వేయించి ఉండాలి.

గార్లండ్:
ఇంత కంగారు అక్కర్లేదండీ. మా ఇంట్లో 12 ఏళ్లుగా పిల్లులున్నాయి. కడుపు చెడితే ఒకరోజు పస్తు పెడతాం. లంఖణం పరమౌషధం.

ప్లానో:
అది మనుషులకండీ! పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు లివర్‌కు చేరి అదే కొత్త జబ్బవుతుంది. బొద్దుగా ఉన్నవాటికి మరీ ప్రమాదం.

గార్లండ్:
రెండు రోజులని నేనన్నానా? ఒక్కరోజన్నాను. మాకు అప్పట్లో డాక్టరే చెప్పారు.

ప్లానో:
అప్పట్లో చెప్పేవారు, ఒప్పుకుంటాను. ఇప్పుడు మాకు కొద్దికొద్దిగా పెట్టమనే చెప్పారు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏమీ లేకుండా చికెన్ ఉడికించి, తోలూ ఎముకా తీసి చెంచాడు పెట్టమ్మా. కక్కకపోతే కాసేపాగి ఇంకో చెంచాడు. మన పోపు కూరలోది కడిగి పెట్టొద్దు, ఉల్లి రసం అప్పటికే పట్టేస్తుంది. రక్తం పడినా, చిగుళ్లు తెల్లబడినా, నీళ్లు కూడా నిలవకపోయినా ఆగకు. మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో ముక్కుతూ చుక్క ఒంటేలు రాకపోతే అది విరేచనాల బాధ కాదు, మూత్రనాళం అడ్డుపడిందన్నమాట. గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

ఫ్రిస్కో:
విరేచనం కొంచెం జిప్‌లాక్ కవర్లో తీసుకెళ్లు. షెల్టర్ పిల్లులకు నులిపురుగులు, జియార్డియా (పేగుల్లో చేరే కంటికి కనపడని పరాన్నజీవి) మామూలే, పరీక్ష చేస్తారు.

ఇర్వింగ్, కొత్తగా వచ్చాం:
అక్కా, నాలుక కింద చూశాను, దారం లేదు. లిల్లీలు లేవు. ఆడపిల్లి. గార్లండ్ అన్నా, పస్తు పెట్టను, క్షమించండి. శనివారం పాత మేత అయిపోతే వేరే బ్రాండు ఒకేసారి పెట్టేశాం. షెల్టర్ వాళ్లు వారం రోజులు కలిపి పెట్టమన్నారు, మర్చిపోయాం. మావారు బయల్దేరారు, 3:30కి డాక్టరు దొరికారు. కవరు సిద్ధం, ఫోటోలు తీశాను. ఇప్పుడే సోఫా కింది నుంచి వచ్చి నీళ్లు తాగింది.